రాయికి ప్రాణముందా? అనిషినాబే భాషాబోధన చుట్టూ ఉన్న చిక్కుముడి

ఐక్యరాజ్యసమితి 2022 నుంచి 2032 వరకు పదేళ్లను ఆదివాసీ భాషల దశాబ్దంగా ప్రకటించింది. ఆ తర్వాత కెనడా, అమెరికాల నుంచి వచ్చే విద్యా వార్తల్లో ఒక మాట పదేపదే వినబడుతోంది. ఆదివాసీ భాషను వాళ్ల జ్ఞానం ద్వారా, వాళ్లు లోకాన్ని చూసే తీరు ద్వారా నేర్పాలి అని. బాగానే ఉంది. అంటే ఏం చేయాలి అని అడిగితే మాత్రం ముగ్గురు మూడు దారులు చూపిస్తారు. ఒకరు పిల్లల్ని అడవికి తీసుకెళ్లమంటారు. ఇంకొకరు వ్యాకరణంలోనే తత్వం ఉంది, దాన్ని విప్పి చూపించమంటారు. మరో బడిలో ఏడు నీతుల చార్టు గోడకు అంటించి అదే భాషా పాఠం అనుకుంటారు.

ఈ మూడింటినీ ఒకే గాట కట్టడం వల్లే గందరగోళం. విడదీసి చూడటానికి అనిషినాబే ఆదివాసీల భాష అనిషినాబేమొవిన్ మంచి ఉదాహరణ. ఆ మూడు పద్ధతులూ అక్కడ ఉన్నాయి, వాటి మీద వాదనలూ ఉన్నాయి.

ఎవరి భాష, ఎక్కడి భాష

ఉత్తర అమెరికాలో పెద్ద సరస్సుల చుట్టూ ఉండే ప్రజలు అనిషినాబేలు. ఒజిబ్వే, ఒడావా, పొటావాటమి అనే మూడు శాఖలు కలిసి ‘మూడు నిప్పుల కూటమి’గా పేరు పొందాయి. కెనడాలో ఒంటారియో, మానిటోబా, అమెరికాలో మిన్నెసోటా, విస్కాన్సిన్, మిషిగన్ రాష్ట్రాలు వాళ్ల నేల. వాళ్ల భాష అనిషినాబేమొవిన్, బయటివాళ్లు ఎక్కువగా వాడే పేరు ఒజిబ్వే. ఇది అల్గాంక్వియన్ కుటుంబానికి చెందినది. డెట్రాయిట్ శివార్లలో ఇల్లు కొనుక్కున్న తెలుగువాళ్లు రోజూ పలికే మిషిగన్ అన్న పేరు కూడా ఈ భాషలోని ‘మిషిగమి’ నుంచి వచ్చిందే. పెద్ద నీళ్లు అని అర్థం. ఆ చివరి ‘గమి’ని గుర్తుపెట్టుకోండి, దానితో మళ్లీ పని పడుతుంది.

దీన్ని ఒకే భాష అనడం కొంత సౌకర్యం కోసమే. మాండలికాలు చాలా ఉన్నాయి. మానిటూలిన్ ద్వీపం వైపు మాట్లాడేవాళ్లు కొన్ని హ్రస్వాచ్చులను మింగేస్తారు. అనిషినాబేమొవిన్ అక్కడ ‘నిష్నాబేమ్విన్’ అవుతుంది. ఉత్తర ఒంటారియోలో అదే కుటుంబానికి చెందిన క్రీ భాషకు దగ్గరగా ఉండే రూపం వినిపిస్తుంది. రాతలోనూ ఒకటే పద్ధతి లేదు. దక్షిణాన రోమన్ అక్షరాలు, దీర్ఘానికి అచ్చును రెండుసార్లు రాస్తారు. ఉత్తరాన 1840లో జేమ్స్ ఇవాన్స్ అనే మిషనరీ క్రీ భాషకోసం రూపొందించిన లిపిని వాడతారు. అందులో హల్లు గుర్తును అటూ ఇటూ తిప్పితే అచ్చు మారుతుంది. గుణింతం వచ్చినవాళ్లకు ఆ లిపి వింతగా ఏమీ అనిపించదు.

ఇళ్లలో ఎందుకు ఆగిపోయింది

ఉత్తర ఒంటారియోలోని కొన్ని మారుమూల ఊళ్లను వదిలేస్తే, పుట్టుకతో ఈ భాష వచ్చినవాళ్లలో ఎక్కువమంది వృద్ధులే. ఇది దానంతటదే జరిగింది కాదు. అమెరికాలో 1879లో కార్లైల్ బడితో ఒక నమూనా మొదలైంది: పిల్లల్ని ఇంటినుంచి దూరంగా తీసుకెళ్లి, జుట్టు కత్తిరించి, సొంత భాష మాట్లాడితే శిక్షించడం. కెనడా వసతి బడుల్లో సుమారు 1,50,000 మంది ఆదివాసీ పిల్లలు చదివారు, చివరి బడులు 1990లలో గానీ మూతపడలేదు. అక్కడినుంచి బయటికొచ్చిన తల్లిదండ్రుల్లో చాలామంది తమ పిల్లలతో ఇంగ్లిషే మాట్లాడారు. తాము తిన్న దెబ్బలు పిల్లలు తినకూడదని.

ఇప్పటి చట్టాలకు మూలం ఇదే. అమెరికా 1990లో ఆదివాసీ భాషలను కాపాడటం తన విధానమని చట్టం చేసింది. కెనడాలో వసతి బడుల చరిత్రను విచారించిన సత్య, సయోధ్య కమిషన్ 2015లో 94 సిఫారసులు ఇచ్చింది. వాటిలో భాషల గురించి ఉన్నవాటి ఫలితంగా 2019లో ఆదివాసీ భాషల చట్టం వచ్చింది. ఒంటారియోలోని సూ సెయింట్ మేరీలో ఒకప్పటి షింగ్వాక్ వసతి బడి ఆవరణలో ఇప్పుడు అల్గోమా విశ్వవిద్యాలయం నడుస్తోంది. అక్కడే అనిషినాబే చదువుల సంస్థ కూడా ఉంది. ఏ గోడల మధ్య భాషను కొట్టి మాన్పించారో అక్కడే దానికి డిగ్రీ ఇస్తున్నారు.

ఈ చరిత్ర తెలిస్తే ‘వాళ్ల దృష్టితో నేర్పాలి’ అన్న పట్టుదల ఎక్కడినుంచి వచ్చిందో అర్థమవుతుంది. భాషను చంపిన సంస్థ పేరు బడి. బెంచీలు, గంట, ఇంగ్లిషు పాఠ్యప్రణాళిక అన్నీ అలాగే ఉంచి, మధ్యలో వారానికి రెండు పీరియడ్లు ఒజిబ్వే చెబితే ఆ బడి మారినట్టా?

ప్రాణివర్గం, అప్రాణివర్గం

ముందుగా వ్యాకరణం వాదన చూద్దాం. ఒజిబ్వేలో ఆడ, మగ అనే లింగభేదం లేదు. అతను, ఆమె రెండిటికీ ఒకటే మాట. బదులుగా నామవాచకాలన్నీ ప్రాణివర్గం, అప్రాణివర్గం అని రెండుగా చీలతాయి. వర్గాన్ని బట్టి బహువచనం మారుతుంది, క్రియ కూడా మారుతుంది.

మితిగ్ అంటే చెట్టు, ప్రాణివర్గం. ‘నాకు చెట్టు కనబడుతోంది’ అనాలంటే ‘నివాబమా మితిగ్’. జీమాన్ అంటే పడవ, అప్రాణివర్గం. ‘నాకు పడవ కనబడుతోంది’ అంటే ‘నివాబందాన్ జీమాన్’. చూడటం అనే పని ఒకటే, క్రియలు రెండు. రంగులు కూడా క్రియలే. ఎర్రగా ఉన్నది ప్రాణివర్గమైతే ‘మిస్కొజి’, కాకపోతే ‘మిస్క్వా’.

మనుషులు, జంతువులు, చెట్లు ప్రాణివర్గంలో ఉండటంలో వింత లేదు. రాయి (అసిన్) కూడా అందులోనే ఉంది. పొగాకు, మంచు, పొగాకు గొట్టం, వంట కుండ ఆ వర్గమే. రాస్ప్‌బెర్రీ ప్రాణివర్గం, స్ట్రాబెర్రీ అప్రాణివర్గం. కారుకు వాడే ఒదాబాన్ ప్రాణివర్గం. ఒకప్పుడు మంచు మీద లాగే బండికి ఉన్న పేరే కారుకూ అంటుకుంది.

ఇక్కడినుంచి చాలామంది ఉపాధ్యాయులు ఒక అడుగు ముందుకు వేస్తారు. ఈ భాష రాయిని కూడా జీవిగా చూస్తుంది, కాబట్టి ఈ భాష నేర్చుకున్న పిల్లవాడు ప్రకృతిని వస్తువుగా చూడడు అంటారు. ఇంకో ఉదాహరణ కూడా తరచూ ఇస్తారు. ‘నువ్వు నన్ను చూస్తున్నావు’ అంటే ‘గివాబమ్’, ‘నేను నిన్ను చూస్తున్నాను’ అంటే ‘గివాబమిన్’. చూసేది ఎవరైనా సరే, ‘నువ్వు’ను సూచించే ‘గి’ ముందు వస్తుంది. నాకంటే నువ్వే ముందు అన్న సంస్కారం వ్యాకరణంలోనే ఉంది అని వివరణ.

వాక్యనిర్మాణం గురించి వాళ్లు చెప్పేది అక్షరాలా నిజం. దాన్నుంచి తీసే ముగింపు మీదే గొడవ.

బెరెన్స్ నది ఒడ్డున ఒక జవాబు

1930లలో ఇర్వింగ్ హాలొవెల్ అనే మానవశాస్త్రవేత్త మానిటోబాలోని బెరెన్స్ నది దగ్గర ఒజిబ్వేల మధ్య పనిచేశాడు. రాళ్లు ప్రాణివర్గంలో ఎందుకున్నాయన్న అనుమానం ఆయనకూ వచ్చింది. ఒక ముసలాయనను నేరుగా అడిగాడు: ఇక్కడ మన చుట్టూ కనబడే రాళ్లన్నిటికీ ప్రాణం ఉందా? ఆయన చాలాసేపు ఆలోచించి, లేదు, కానీ కొన్నిటికి ఉంది అన్నాడు.

ఈ విషయంపై నాకు తెలిసిన అత్యంత జాగ్రత్తైన జవాబు ఇదే. వ్యాకరణం రాళ్లన్నిటినీ ఒకే గదిలో పెట్టింది. ముసలాయన పెట్టలేదు. ఆయన లెక్కలో ఒక రాయి ప్రాణమున్నదా కాదా అన్నది అది ఏం చేసింది, ఎవరితో ఎలా ప్రవర్తించింది, ఏ క్రతువులో ఉంది అన్నదాన్ని బట్టి తేలుతుంది. అంటే వ్యాకరణం ఒక అవకాశాన్ని తెరిచి ఉంచుతుంది. దాన్ని నింపేది అనుభవం.

మాట ఆలోచనను ఎంతవరకు నడిపిస్తుందన్న చర్చ భాషాశాస్త్రంలో పాతదే, బెంజమిన్ వోర్ఫ్ పేరుతో ముడిపడింది. ఇప్పటి భాషావేత్తలలో ఎక్కువమంది మధ్యదారిలో ఉన్నారు. భాష మన దృష్టిని కొన్ని విషయాల మీదికి మళ్లిస్తుంది, కానీ ఆలోచనను బంధించదు అంటారు. తెలుగువాళ్లకు దీనికి వేరే రుజువు అక్కర్లేదు. ‘ఆమె వచ్చింది’, ‘ఆవు వచ్చింది’, ‘బస్సు వచ్చింది’. ఏకవచనంలో స్త్రీకి, పశువుకు, వస్తువుకు మన క్రియ ఒకటే. మహద్వాచకం, అమహద్వాచకం అని మన వ్యాకర్తలు దీనికి పేర్లు కూడా పెట్టారు. దీన్ని పట్టుకుని తెలుగువాడు అమ్మనూ బస్సునూ ఒకేలా చూస్తాడని ఎవరైనా రాస్తే మనకు నవ్వొస్తుంది. అయితే సమాజంలో స్త్రీ స్థానానికీ ఈ రూపానికీ ఏ కాలంలోనూ ఏ సంబంధమూ లేదని అంతే ధీమాగా చెప్పగలమా? అదీ చెప్పలేం.

ఇంకోటి. ఒజిబ్వేలో వినేవాళ్లను కలుపుకునే ‘గీనవింద్’, వాళ్లను మినహాయించే ‘నీనవింద్’ అని రెండు మాటలున్నాయి. అచ్చంగా మన ‘మనం’, ‘మేము’. ఇంగ్లిషు ఒక్కటే వచ్చిన విద్యార్థికి ఇది కొన్ని వారాల టెన్షన్, తెలుగు పిల్లవాడికి అర నిమిషం పని. ఈ తేడాలో సామూహిక జీవన తత్వం ఉందని చెప్పే పాఠాలున్నాయి. ఉంటే మనలోనూ ఉండాలి కదా! అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ మీటింగుకు ఒకసారి వెళ్లొస్తే ఆ నమ్మకం సడలుతుంది.

మాటను విప్పి చెప్పే పాఠాలు

రెండో పద్ధతి మాటల్లోనే నీతిని చూపించడం: పదాన్ని ముక్కలు చేసి లోపలి అర్థం చెప్పడం, గోడ మీది నీతుల చార్టు కూడా దీని కిందికే వస్తాయి. తూర్పు మాండలికాల్లో బోధనకు ‘కినోమాగే’ అంటారు. దీన్ని ‘అకి’ అంటే భూమి, ‘నోమాగే’ అంటే దారి చూపడం అని విడగొట్టి, బోధన అంటే భూమి దారి చూపడం అని చాలా తరగతుల్లో చెబుతారు. అలాగే సత్యానికి ‘దేబ్వేవిన్’. అందులో గుండె అనే అర్థమున్న ‘ఒదే’ ఉందని, గుండెలోంచి పలికేదే సత్యమని వివరిస్తారు.

భాషావేత్తలు దీన్ని ఒప్పుకోరు. పశ్చిమ మాండలికాల్లో అదే మాట ‘గికినోఅమాగే’. మొదటి అచ్చులు ఊడిపోయి తూర్పున కినోమాగే అయింది. దాని ధాతువు తెలియడానికి, గుర్తించడానికి సంబంధించినది, భూమి అనే మాటతో సంబంధం లేదు. దేబ్వేవిన్‌లో ఉన్నది ‘సరిగ్గా, తగినంత’ అనే అర్థమిచ్చే ‘దేబ్’, ‘పలకడం’ అనే అర్థమిచ్చే ‘వే’. సరిగ్గా పలికినది సత్యం.

ఎవరు రైటు? ఇక్కడ మనకు ఒక సౌలభ్యం ఉంది. ‘గు’ అంటే చీకటి, ‘రు’ అంటే పోగొట్టేది, కాబట్టి గురువు అని ప్రవచనకారులు చెప్పగా విననివాళ్లు మనలో లేరు. గురు అంటే సంస్కృతంలో బరువైనది అని నిఘంటువు చెబుతుంది. రెండూ తెలిసినవాళ్లు ఆ ప్రవచనాన్ని అబద్ధమని కొట్టిపారేయరు, దాన్ని పదచరిత్ర అనీ అనరు. అది ఒక బోధన, పదాన్ని ఆసరాగా తీసుకున్న ధ్యానం. అనిషినాబే పెద్దలు చేసే వివరణల్లోనూ చాలావరకు ఇదే స్వభావం ఉంది, వాటికి ఆ సమాజంలో గౌరవం ఉంది. బయటి భాషావేత్త వచ్చి మీ పెద్దలు తప్పు అంటే ఆ మాట వెనక వసతి బడి నీడ కూడా కనబడుతుంది.

అయినా చిన్న ఇబ్బంది మిగిలే ఉంటుంది. ఈ వివరణలు ఎక్కువగా ఇంగ్లిషులో సాగుతాయి. గంటసేపు అద్భుతమైన ఉపన్యాసం విన్న విద్యార్థికి చివరికి వచ్చిన ఒజిబ్వే ఎంత? రెండు నామవాచకాలు. ‘ఏడు తాతల బోధలు’ అనే నీతుల చార్టుతోనూ ఇదే సమస్య. ప్రేమ, గౌరవం, ధైర్యం, నిజాయితీ, వినయం, జ్ఞానం, సత్యం: ఏడు భావవాచకాలు. ఈ భాషలో బలమంతా క్రియల్లో ఉంది. ఏడు నామవాచకాలు కంఠస్థం చేసిన పిల్లవాడు ‘నాకు చలేస్తోంది’ అనలేకపోతే నేర్పింది భాష కాదు, భాష గురించిన గర్వం. గర్వం అవసరమే, ముఖ్యంగా తాతలు సిగ్గుపడేలా చేసిన భాష విషయంలో. కానీ రెండూ వేరు.

మేపుల్ తోటలో పాఠం ఎలా నడుస్తుంది

మూడో పద్ధతి, అంటే పిల్లల్ని అడవికి తీసుకెళ్లమనే దారి, పనితో పాటు భాష. నాకు ఎక్కువ నమ్మకం కలిగించేది ఇదే, అందుకే దీని దగ్గర కాస్త ఆగుతాను.

విస్కాన్సిన్‌లోని ఒజిబ్వేలకు కేటాయించిన ప్రాంతమైన లాక్ కోర్ట్ ఓరెయ్ రిజర్వేషన్‌లో వాదూకొదాదింగ్ అనే బడి ఉంది. ఒకరికొకరు సాయం చేసుకునే చోటు అని పేరుకు అర్థం. 2000ల మొదట్లో మొదలైంది. అక్కడ ఒజిబ్వే ఒక సబ్జెక్టు కాదు, లెక్కలు, సైన్సు కూడా ఒజిబ్వేలోనే. చలికాలం చివర, రాత్రి గడ్డకట్టి పగలు కరిగే రోజుల్లో, మేపుల్ చెట్లలో రసం పారుతుంది. పిల్లలు చెట్లకు గొట్టాలు దిగ్గొట్టి, రసం పట్టి, కాచి పాకం చేస్తారు. ఆ పనిలో ఏ భాష దొరుకుతుందో చూడండి.

చెట్టుకు గాటు పెట్టడం ‘ఒజిగఇగే’. రసం తెచ్చుకోవడం ‘నాదోబీ’. కాచడం ‘ఇస్కిగమిజిగే’. ఈ చివరి మాటలో ‘ఇస్క్’ అంటే ఇంకిపోవడం, ‘గమి’ అంటే నీరు లేదా ద్రవం, ‘జ్’ అంటే వేడితో చేయడం. మిషిగన్‌లో చూసిన గమి ఇదే. సుపీరియర్ సరస్సు పేరు గిచిగమిలోనూ అదే ఉంది. కాచే పాత్ర ముందు నిలబడి ఆవిరి చూస్తూ ఈ ముక్కలు విన్న పిల్లవాడికి, ద్రవాలకు సంబంధించిన మరో పది క్రియలు విన్నప్పుడు సగం అర్థం ముందే తెలుస్తుంది.

ఇప్పుడు క్రియను తిప్పుదాం. ‘కాచుదాం రండి’ అంటే ‘ఇస్కిగమిజిగేదా’. ‘మనం కాస్తున్నాం’ అంటే ‘గిదిస్కిగమిజిగేమిన్’. పక్క ఊరివాళ్లు చూడటానికి వస్తే వాళ్లతో ‘మేము కాస్తున్నాం’ అనాలి, అప్పుడు ‘నిందిస్కిగమిజిగేమిన్’. మనం, మేము తేడా నల్లబల్ల మీద పట్టికగా రాదు. అతిథి వచ్చాడు కాబట్టి వస్తుంది. పాకం ‘వీష్కొబన్’, తియ్యగా ఉంది. దోసిలిలోని రసం పేరు చివర ‘ఆబో’ అని ఉంటుంది. టీ పేరు ‘అనీబీషాబో’, అంటే ఆకు ద్రవం. పాల పేరు చివరా అదే ‘ఆబో’.

లెక్కలు కూడా అక్కడే ఉన్నాయి. ఒక గాలన్ పాకానికి సుమారు 40 గాలన్ల రసం కావాలి. బకెట్‌లో పావు వంతు నిండితే ఎంత పాకం వస్తుంది? పాకం మరిగే ఉష్ణోగ్రత నీటికంటే కొన్ని డిగ్రీలు ఎక్కువ, ఎందుకు? సైన్సు టీచరుకు చేతినిండా పని. క్యాలెండర్ కూడా ఇందులోనే ఉంది. కొన్ని ప్రాంతాల్లో ఏప్రిల్ నెల పేరు ‘ఇస్కిగమిజిగే-గీజిస్’, పాకం కాచే నెల. వేసవి చివర ‘మనోమినికే-గీజిస్’, నీటి బియ్యం కోసే నెల.

లోకాన్ని చూసే తీరు ఎక్కడ వచ్చింది? మొదటి రసాన్ని తాగే ముందు చెట్టు మొదట్లో చిటికెడు పొగాకు వేయడంలో, ఏ చెట్టు నుంచి ఎంత తీసుకోవాలన్న సంయమనంలో, పెద్దవాళ్లు చెప్పే దాకా ఆగడంలో. వీటిని పాఠంగా ఎవరూ చెప్పలేదు. పనిలో భాగంగా చేశారు. చేస్తున్నంతసేపూ చుట్టూ ఒజిబ్వే మాటలే ఉన్నాయి. మొదటి రెండు పద్ధతులకూ దీనికీ ఉన్న అసలు తేడా ఇదే. దృష్టిని వివరించడం వేరు, ఆ దృష్టితో పని చేస్తుండగా ఆ భాషలో మాట్లాడుకోవడం వేరు.

కథలకు కాలం ఉంది

ఒజిబ్వేలో కథలు రెండు రకాలు. ‘దిబాజిమొవిన్’ అంటే జరిగిన సంగతుల కథనం. ‘ఆదిజోకాన్’ అంటే వేనబోజో లాంటి పాత్రలుండే పవిత్ర గాథ. మొదటిది అప్రాణివర్గం, రెండోది ప్రాణివర్గం. గాథలను నేల మీద మంచు ఉన్నప్పుడే చెప్పాలన్న నియమం చాలా సమాజాల్లో ఉంది.

ఆ నియమాన్ని పాటిస్తే పాఠ్యప్రణాళిక ఇరుకులో పడుతుంది. మే నెలలో పరీక్షలున్నా వేనబోజో కథ రివిజన్ చేయకూడదు. రికార్డు చేసి వెబ్‌సైట్‌లో పెడితే జూలైలో ఎవరో నొక్కి వింటారు. అదీ చెప్పినట్టేనా? కొందరు పెద్దలు కాదన్నారు, కొందరు భాషే పోతున్నప్పుడు ఈ పట్టింపులేమిటన్నారు. బడులు ఎక్కువగా గాథలను చలికాలానికి, మామూలు కథనాలను మిగతా ఏడాదికి సర్దుకుంటాయి.

నేల లేకుండా నేల పాఠం

పనితో భాష అనగానే వచ్చే ప్రశ్న: ఆ పని చేయడానికి చోటు ఉందా? పంతొమ్మిదో శతాబ్దంలో 1837, 1842, 1854 ఒప్పందాల్లో ఒజిబ్వేలు భారీగా భూములు వదులుకున్నారు. వేట, చేపలు, సేకరణ హక్కులు మాత్రం అట్టిపెట్టుకున్నారు. విస్కాన్సిన్ రాష్ట్రం ఆ హక్కులను దశాబ్దాలపాటు గుర్తించలేదు. 1983లో వోయిట్ తీర్పుతో ఫెడరల్ అప్పీలు కోర్టు వాటిని నిలబెట్టింది. మిన్నెసోటాలో మిల్ లాక్స్ బ్యాండ్ (ఒజిబ్వేలలో సొంత పాలన ఉన్న ఒక గుంపు) కేసు 1999లో సుప్రీంకోర్టు దాకా వెళ్లి గెలిచింది. భాషా బోధన గురించి రాస్తూ కోర్టు కేసులెందుకంటే, ఆ తీర్పులు లేకపోతే రిజర్వేషన్ దాటి ఒక్క సరస్సులోనూ పిల్లలు మనోమిన్ కోయడానికి హక్కు ఉండేది కాదు.

మనోమిన్ అంటే నీటిలో పెరిగే అడవి బియ్యం. పడవలో ఒకరు గెడ వేస్తుంటే ఇంకొకరు రెండు కర్రలతో కంకులను వంచి గింజలు రాలుస్తారు. తర్వాత వేయించి, తొక్కి, చెరిగి పొట్టు తీస్తారు. ప్రతి దశకూ తనదైన క్రియ ఉంది. కానీ నీటిమట్టం కాస్త మారినా, సల్ఫేటు పెరిగినా ఈ మొక్క దెబ్బతింటుంది. మిన్నెసోటా 1973లోనే ఈ బియ్యం పండే నీళ్లలో సల్ఫేటు లీటరుకు 10 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రమాణం పెట్టింది. గనుల పరిశ్రమతో దాని అమలు మీద తగాదా ఇంకా నడుస్తోంది. వైట్ ఎర్త్ బ్యాండ్ 2018 చివర మనోమిన్‌కే హక్కులున్నాయని చట్టం చేసింది. బియ్యం పండని సరస్సు పక్కన ఆ క్రియలు నేర్పాలంటే బొమ్మల కార్డులే గతి.

ఒప్పుకోనివాళ్లు, వాళ్ల కారణాలు

అనిషినాబేలలోనే ఈ పద్ధతి మీద అభ్యంతరాలున్నాయి. వాటిలో కొన్ని బరువైనవే.

మొదటిది మతం. చాలా కుటుంబాలు తరతరాలుగా కేథలిక్కులు, మెథడిస్టులు, ఆంగ్లికన్లు. ఒజిబ్వేలో క్రైస్తవ కీర్తనలు పాడే సంప్రదాయం బలంగా ఉంది, అదీ అనిషినాబే వారసత్వమే. ఈ భాషకు తొలి పెద్ద నిఘంటువుల్లో ఒకటి 1853లో బిషప్ బరాగా కూర్చినది. మన బ్రౌన్ దొర నిఘంటువు వచ్చింది దాదాపు అప్పుడే. మా పిల్లలకు భాష కావాలి, పొగాకు క్రతువు వద్దు అనే తల్లిదండ్రులకు, రెండూ విడదీయలేం అనే టీచర్లకు మధ్య రాజీ తేలికగా కుదరదు.

రెండోది నగరం. అనిషినాబేలలో పెద్ద భాగం మినియాపొలిస్, విన్నిపెగ్, థండర్ బే, టొరంటో లాంటి చోట్ల ఉంటారు. అడవిలో ఉంటేనే అసలైన భాష అంటే పదో అంతస్తులో పెరిగే పిల్లవాడు రెండోసారి పరాయివాడవుతాడు. వాళ్లకు వంటగది, బస్‌స్టాపు, హాకీ మ్యాచ్ కావాలి. మిల్ లాక్స్ బ్యాండ్ భాషలు నేర్పే సాఫ్ట్‌వేర్ సంస్థ రొజెట్టా స్టోన్‌తో కలిసి ఆన్‌లైన్ పాఠాలు తయారు చేసింది. మిన్నెసోటా విశ్వవిద్యాలయం జాన్ నికల్స్ లాంటి భాషావేత్తలు, పెద్దలు కలిసి కూర్చిన నిఘంటువును వారి గొంతులతో సహా ఆన్‌లైన్‌లో ఉంచింది. ఫోనులో నేర్చుకున్నది తక్కువ భాష అనే తీర్పు నాకు అన్యాయంగా అనిపిస్తుంది. అయితే పిల్లవాడు ఫోనుకు జవాబు చెప్పడం, ఒక మనిషికి జవాబు చెప్పడం ఒకటి కావు.

మూడోది టీచర్లు. పుట్టుకతో భాష వచ్చిన పెద్దలకు డిగ్రీలు లేవు, డిగ్రీలున్న యువ టీచర్లు భాషను పెద్దయ్యాక నేర్చుకున్నారు. తెగ సిఫారసుతో పెద్దలకు ప్రత్యేక లైసెన్సు ఇచ్చే ఏర్పాటు కొన్ని రాష్ట్రాల్లో ఉంది. వయసు, ఆరోగ్యం అనుమతించినంతకాలమే అది పనికొస్తుంది.

ఇదంతా మనకు దూరపు సంగతి అనుకోనక్కర్లేదు. మనం ఎవరి పుట్టినరోజును తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటామో ఆ గిడుగు రామమూర్తి, పర్లాకిమిడి ప్రాంతంలో సవరలతో కలిసి వాళ్ల భాష నేర్చుకుని, సవర పిల్లలకు సవరలోనే పాఠాలు చెప్పించినవాడు. వ్యావహారిక తెలుగు కోసం పోరాడిన గిడుగును గుర్తుపెట్టుకున్నంతగా సవర వాచకాలు రాసిన గిడుగును మనం గుర్తుపెట్టుకోలేదు.

కంప్యూటరుకు ఏమనాలి

చివరిగా కొత్త మాటల సంగతి. బడి అంతా ఒజిబ్వేలో నడవాలంటే భిన్నాలు, అయస్కాంతం, ఇంటర్నెట్ అన్నిటికీ మాటలు కావాలి. ఈ భాష నామవాచకాలను అప్పు తీసుకోవడం కంటే, ఆ వస్తువు చేసే పనిని బట్టి ఉన్న ముక్కలతో కట్టుకోవడానికే మొగ్గు చూపుతుంది. కంప్యూటరుకు ‘మజినాబికివేబినిగన్’ అనే మాట అలా వచ్చింది. పిల్లలు అంత పొడవు మాట వాడతారా అంటే, చిన్నప్పటినుంచి పొడవు క్రియలతో పెరిగినవాళ్లకు అది పొడవు కాదు. మనకు సంగణకం అనే చిన్న మాట దొరికినా కంప్యూటరే నిలిచింది కదా, మాట బతకడానికి పొడవు లెక్క కాదు.

2024 ఆగస్టులో విన్నిపెగ్‌లో స్టార్ వార్స్ మొదటి సినిమా ఒజిబ్వే డబ్బింగ్‌తో విడుదలైంది. అంతరిక్ష నౌకల యుద్ధంలో మేపుల్ తోట లేదు, పొగాకు సమర్పణ లేదు. ఇది ఆదివాసీ దృష్టి ఎలా అవుతుందని కొందరు అడగవచ్చు. పిల్లలు పాప్‌కార్న్ తింటూ రెండు గంటలు ఇంకో భాష వినకుండా కూర్చున్నారు, ఇంతకంటే ఏం కావాలని ఇంకొందరు అనవచ్చు. అనువాదకుల పని మాత్రం ఈ రెండు వాదనల మధ్య ఆగలేదు. ఒజిబ్వేలో ఎన్నడూ లేని యంత్రాలకు, ఆయుధాలకు వాళ్లు మాటలు వెతకాల్సి వచ్చింది. పాకం కాచేచోట పిల్లవాడు ఏరుకునే నీరు, వేడి, కదలిక లాంటి ముక్కలే అలాంటి మాటలకు ముడిసరుకు.